నాలుగు సైకిళ్ళ సంసారం

పూర్వం పెళ్ళిమాటల్లో వరుడి వైపు వాళ్ళు కట్నం సంగతి తేలిన తరువాత గొంతు సవరించుకుని మరో మూడు వస్తువులు అడిగేవారు: చేతిగడియారం, రేడియో, సైకిలు. కాలం మారింది. గడియారమూ, రేడియో రెండూ కలిసి ఒక్క ఫోనులో దూరిపోయాయి. సైకిలు మాత్రం ఎందులోనూ దూరలేక మెల్లిగా రోడ్డు పక్కకు తప్పుకుంది. ఇప్పుడు సంబంధాల వాళ్ళు అడిగేది కారు సంగతి. ఉందా అని కాదు సుమండీ, ఏ కంపెనీది అని!

మా ఇంట్లో కారు లేదు. స్కూటరు కూడా లేదు. ఉన్నవల్లా నాలుగు సైకిళ్ళు. నాదొకటి, మా ఆవిడదొకటి, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయిదొకటి, ఆరో తరగతి వాడిదొకటి. కరీంనగరంలో ఈ సంగతి తెలిసినవాళ్ళు మమ్మల్ని మూడు రకాలుగా చూస్తారు. కొందరు పిసినారులంటారు, కొందరు ఆరోగ్యం పిచ్చి అంటారు, తక్కినవాళ్ళు పాపం ఏదో ఇబ్బందిలో ఉన్నారనుకుని జాలిపడతారు. మూడింటిలో ఏదీ నిజం కాదని చెప్పుకోడానికే ఈ వారం ఈ నాలుగు మాటలూ.

ముందు లెక్క చూద్దాం. ఒక మామూలు సంసారం రోజూ తిరిగే దూరమెంత? బడి, ఆఫీసు, కూరగాయల బజారు, బ్యాంకు, మందుల దుకాణం. మంకమ్మతోటలో ఉన్నవాళ్ళకైనా, ముకరంపురలో ఉన్నవాళ్ళకైనా ఇవన్నీ చాలావరకు మూడు నాలుగు కిలోమీటర్ల లోపలే. ఆ దూరం సైకిలు మీద తీరిగ్గా తొక్కినా పావుగంట, ఇరవై నిమిషాలు. టవర్ సర్కిల్ దగ్గర సాయంత్రం పూట కారు నిలుపుకోడానికి చోటు వెతుక్కునే పెద్దమనుషులకు అంతకన్న ఎక్కువే పడుతుంది. పెట్రోలు లీటరు వంద రూపాయలు దాటింది 2021లో. మా సైకిళ్ళకు కావలసింది నెలకోమారు గాలి, అప్పుడప్పుడు చైనుకు నూనె, ముల్లు గుచ్చుకున్న నాడు ఒక పంచరు. శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి మరీ చెప్పారు: ఒక కిలోమీటరు నడవడానికి మనిషికి ఎంత శక్తి కావాలో, అందులో సుమారు ఐదోవంతుతో అదే దూరం సైకిలు మీద పోవచ్చునట. అన్నం తిన్నవాడికి ఇంతకంటె చవకైన వాహనం మరొకటి లేదు.

అయితే డబ్బు ఒక్కటే లెక్క అయితే నేనీ వ్యాసం రాయను. సైకిలు మొదటినుంచీ సంసారుల వాహనమే. 1888లో గాలి టైరుకు పేటెంటు పుచ్చుకున్న డన్‌లప్ దొర యంత్రాల నిపుణుడు కాడు, బెల్‌ఫాస్ట్ పట్నంలో పశువైద్యుడు. కొడుకు మూడు చక్రాల బండి గతుకుల మీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేక, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రాలకు చుట్టాడు. ఒక తండ్రి చేసిన పిల్లవాడి బండి ప్రపంచం మొత్తానికి మెత్తటి ప్రయాణం తెచ్చిపెట్టింది. మరో ఏడేళ్ళకు, 1895లో, పారిస్‌లో మేరీ, పియేర్ క్యూరీ దంపతులు పెళ్ళికి వచ్చిన కానుక డబ్బుతో చెరో సైకిలు కొనుక్కుని, కొత్త కాపురం మొదటి రోజుల్లో పల్లెదారులు పట్టి తిరిగారు. తరువాత ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చిందంటే అది సైకిలు మహత్యమని నేననడం లేదు. అడ్డం మాత్రం రాలేదు కదా!

మా ఆవిడ చిన్నప్పుడు సైకిలు నేర్చుకోలేదు. వాళ్ళ అన్నదమ్ములు బారు కిందనుంచి కాలు దూర్చి కైంచీ తొక్కుతుంటే తాను అరుగు మీద కూర్చుని చూసేదట. ఆడపిల్లకు సైకిలెందుకన్నారు. ముప్ఫయ్యెనిమిదో ఏట, తెల్లవారుజామున కాలేజీ మైదానంలో చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని మొదలుపెట్టింది. నేను వెనకనుంచి సీటు పట్టుకుని పరుగెత్తాను. పదకొండో రోజున నేను చెయ్యి వదిలేసిన సంగతి తెలియకుండానే మైదానం సగం చుట్టి వచ్చింది. ఆ రోజునుంచీ ఇంట్లో ఉప్పు అయిపోతే నన్ను పిలిచే అలవాటు పోయింది. ఆఫీసునుంచి ఎప్పుడొస్తారా అని నా కోసం చూసే అవసరం కూడా పోయింది. నాకు కొంచెం లోటుగానే తోచింది గాని, పైకి చెప్పలేదు.

ఆడవాళ్ళకూ సైకిలుకూ ఉన్న సంబంధం చిన్నది కాదు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు, అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పారు. వేలాది గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారు. ఎవరినీ అడగకుండా ఎక్కడికైనా వెళ్ళగలగడం కూడా ఒక చదువేనని అక్కడి కలెక్టరు షీలారాణి చుంకత్ గారు గుర్తించారు. బీహారులో 2006లో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చే పథకం పెట్టారు. దూరమని చదువు మానే పిల్లలు బడికి పోవడం మొదలుపెట్టారు. బడి దూరమెంతో చెప్పేది మైలురాయి కాదు, ఇంట్లో పెద్దవాళ్ళ భయం. ఆ భయాన్ని సైకిలు సగానికి సగం తగ్గిస్తుంది.

మొన్న దసరాకు మా బామ్మర్ది హైదరాబాదునుంచి కొత్త కారులో దిగాడు. ఇంటి ముందు వరసగా నిలబెట్టిన సైకిళ్ళు చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"బావా, గింత నౌకరి జేసుకుంట అక్కను సైకిల్ మీద తిప్పుతరా? నలుగురు జూస్తే ఏమనుకుంటరు?"

"నన్నెవ్వరు తిప్పుతలేరు తమ్మీ, నేనే తిరుగుతున్న" అంది మా ఆవిడ లోపలినుంచే. వాడు ఇంక మాట్లాడలేదు. సాయంత్రం మా అబ్బాయి సైకిలు తీసుకుని మానేరు కట్ట దాకా పోయి, చొక్కా తడిపేసుకుని, నవ్వుకుంటూ వచ్చాడు.

ఇంతవరకూ చెప్పింది తీపి. చేదు కూడా చెప్పకపోతే ఇది వ్యాసం కాదు, వ్యాపార ప్రకటన అవుతుంది.

కరీంనగర్ గ్రానైటుకు దేశదేశాల్లో పేరుంది. ఆ పేరు మోసేది లారీలు. ఇంటి గదంత రాతి దిమ్మలు వేసుకుని అవి రోడ్డు మీద వస్తుంటే కాళ్ళకింద నేల అదురుతుంది. పోయిన వానాకాలం ఊరవతల అల్లాంటి లారీ ఒకటి మా అమ్మాయిని రాసుకుంటూ పోయింది. పిల్ల హ్యాండిలు అదుపుతప్పి మొరం మీద పడింది. మోకాలు చీరుకుపోయింది. అంతే అయింది, అంతకు మించి కానందుకు వేములవాడ రాజన్నకు దండం పెట్టుకున్నాం. ఆ రాత్రి మా ఆవిడ అన్నం ముందు కూర్చుని, "ఇగ చాలు. రేపటినుంచి ఆటో మాట్లాడుండ్రి" అంది. నేనూ తలూపాను. అప్పుడు మా అమ్మాయి కట్టు కట్టిన మోకాలు ముడుచుకుని అడిగింది:

"తప్పు లారీది గాదా బాపూ? మరి నా సైకిలెందుకు బందు జేస్తరు?"

జవాబు చెప్పడం అంత తేలిక కాదు. మీరైనా చెప్పగలరేమో చూడండి.

ఈ ప్రశ్న మా అమ్మాయి ఒక్కతే అడిగింది కాదు. ఇవాళ సైకిళ్ళ దేశమని పేరుపడ్డ హాలెండులో యాభై ఏళ్ళ కిందట సరిగ్గా ఇదే ప్రశ్న పుట్టింది. యుద్ధం తరువాత అక్కడ కార్లు విపరీతంగా పెరిగాయి, సైకిళ్ళు తగ్గిపోయాయి. 1971 ఒక్క ఏట రోడ్ల మీద మూడువేల మందికి పైగా చనిపోయారు, అందులో నాలుగువందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు ఊరుకోలేదు. "పిల్లల హత్య ఆపండి" అన్న పేరుతో ఉద్యమం లేవదీశారు. పిల్లల్ని ఇంట్లో దాచుకుంటాం అనలేదు, వీధుల్ని పిల్లలకు తగినట్టు మార్చండి అన్నారు. అదే కాలంలో చమురు కరువొచ్చి, 1973 నవంబరు 4నుంచి కొన్ని ఆదివారాలు అక్కడి ప్రభుత్వం కార్లు బయటికి తియ్యవద్దన్నది. నడిరోడ్డు మీద పిల్లలు ఆడుకున్నారు. ఆ రుచి మరిచిపోలేక జనం వెంటబడితే, క్రమంగా సైకిళ్ళకు వేరు దారులు వచ్చాయి. అంటే సైకిలు వాళ్ళకు దేవుడిచ్చిన వరం కాదు. అమ్మలూ నాన్నలూ అడిగి పుచ్చుకున్నది.

సరే, మన ఊళ్ళో ఆ దారులు పడే దాకా పిల్ల మోకాలి మాటేమిటి? మేము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. రాజీవ్ రహదారి మీదికి పిల్లలు ఒంటరిగా పోకూడదు. రెండు నిమిషాలు ఆలస్యమైనా లోపలి వీధులే పట్టాలి. నలుగురం కలిసి పోయేటప్పుడు ముందు మా ఆవిడ, నడుమ పిల్లలు, వెనక నేను. అదీ పిల్లల వరసకంటె ఒక మూర రోడ్డు వైపుకు జరిగి, వెనక వచ్చే వాహనం ముందు నన్ను చూసేట్టు. ఆగి ఉన్న కారు పక్కనుంచి పోతే తలుపు తెరుచుకునేంత ఎడం వదలాలి. మలుపులో లారీ ఎడమపక్కన ఎన్నడూ దూరకూడదు; డ్రైవరుకు అక్కడ మనిషి కనబడడు. పొద్దుగూకితే ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం. పూర్వం దీపం లేని సైకిలును పోలీసులు ఆపేవారు, మునిసిపాలిటీ బిల్ల లేకపోతే జరిమానా వేసేవారు. ఇప్పుడు ఆపేవారు లేరు గనుక మనమే మన పోలీసులం కావాలి. ఇక రోహిణికార్తె ఎండల్లో పొద్దున తొమ్మిది దాటితే సైకిలు ముట్టుకునేది లేదు.

సైకిలుతో కాని పనులూ ఉన్నాయి, దాచడమెందుకు? మా అమ్మ మోకాళ్ళ నొప్పులకు ఆటోయే గతి. అర్ధరాత్రి ఆపద వస్తే 108కు ఫోను చేస్తాం. 2005లో మొదలైన ఆ అంబులెన్సు కారున్న వాళ్ళకూ లేని వాళ్ళకూ ఒక్కలాగే వస్తుంది. పై ఊళ్ళకు బస్సు, రైలు. 2023 డిసెంబరు 9నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు గనుక, మా ఆవిడా అమ్మాయీ జీరో టికెట్టు చేతబట్టుకుని కిటికీ పక్కన దర్జాగా కూర్చుంటారు. నేనూ మా వాడూ డబ్బు పెట్టి నిలబడతాం.

చలికాలం ఆదివారాలు మాత్రం మాకు పండుగ. తెల్లవారకముందే బయలుదేరి పదికిలోమీటర్లు తొక్కితే ఎలగందుల. 1905 దాకా జిల్లా కచేరీ అక్కడే ఉండేదని, తరువాతే కరీంనగరానికి వచ్చిందని మా వాడికి పుస్తకం చెప్పలేదు, కోట గోడ చెప్పింది. కారులో పోతే పది నిమిషాల్లో అయిపోయే దారి అది. సైకిలు మీద పోతే మంచు, పొలం వాసన, కల్లు కుండలు కట్టుకుని ఎదురొచ్చే గీత కార్మికుడు, అన్నీ కలిసి గంట. ఆ గంటలో మా అమ్మాయి నాతో చెప్పే కబుర్లు వారం మొత్తం మీద ఇంట్లో చెప్పదు. పక్కపక్కన తొక్కేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూడనక్కరలేదు గనుక మనసులోని మాట సులువుగా బయటికొస్తుందనుకుంటాను.

ఆదిలాబాదు వైపు పోయినప్పుడు బస్సులోనే పోతాం. నిర్మల్ దాటిన తరువాత ఘాట్ మలుపులు పిల్లలతో తొక్కేవి కావు. అయినా కలిసి ప్రయాణం చేయడమంటే ఏమిటో నేను తెలుసుకున్నది ఆ జిల్లాలోనే. ఇంద్రవెల్లి దగ్గర కేస్లాపూర్‌లో పుష్యమాసం అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. ఆ పూజకు మెస్రం వంశపు గోండులు గోదావరి జలం కోసం చెప్పులైనా లేకుండా రోజుల తరబడి నడిచిపోయి, నడిచే తిరిగొస్తారు. తరువాత వంశంవారంతా జాతరకు చేరి మర్రిచెట్ల కింద బస చేస్తారు. ఇవాళ వాళ్ళకు జీపులు దొరకక కాదు. నలుగురూ ఒకే వేగంతో, వెనకబడ్డ వాడికోసం ఆగుతూ పోవడంలోనే వంశమన్నది నిలబడుతుందని వాళ్ళకు తెలుసు.

మా ఊరు 2005లో నగరపాలక సంస్థ అయింది, 2017లో స్మార్ట్ సిటీ జాబితాకెక్కింది, 2023లో మానేరు మీద తీగల వంతెన కట్టుకుంది. సంతోషం. ఇంత చేసుకున్న ఊరిని మరీ పెద్ద కోరిక కోరబోవడం లేదు. బడికి పోయే దారుల్లో సైకిళ్ళకు రెండు గజాల చోటు, దానికి నీడనిచ్చే చెట్లు, బడివేళల్లో రాతిలారీలకు ఊళ్ళోకి ప్రవేశం లేకుండా ఒక కట్టుదిట్టం. అంతే. ఈ అర్జీ పట్టుకుని మేము మునిసిపల్ ఆఫీసుకు పోదామనుకుంటున్నాం. రాసింది మా అమ్మాయి. మొదటి వాక్యం ఆ రాత్రి నన్నడిగిన ప్రశ్నే. మీ పిల్లలు కూడా అదే బడికి పోతుంటే వచ్చి కింద ఒక సంతకం పెట్టండి. కారులో వచ్చినా మాకేమీ అభ్యంతరం లేదు.