ఆదివారం లైబ్రరీకి పోదాం పా!

డాలస్‌లో ఉంటున్న చిన్నాన్న కొడుకు ఓ ఫొటో పంపిస్తాడు. అందులో వాళ్ల పాప వండర్ ఉమన్ వేషంలో ఉంది. పక్కన నాలుగేళ్ల బుడతడు స్పైడర్‌మ్యాన్. వెనకాల పుస్తకాల అరలు. 'ఇదేం ఫంక్షన్ హాలు నాన్నా, ఇన్ని పుస్తకాలున్నాయి?' అని ఆలూరులో ఏడో తరగతి చదివే అమ్మాయి అడుగుతుంది. ఫంక్షన్ హాలు కాదు, వాళ్ల ఊరి లైబ్రరీయేనట. ఆ రోజు అక్కడ కామిక్ కాన్ అట!

ఆ వెంటనే రెండో ప్రశ్న. 'మన లైబ్రరీలో పెట్టరా?'

నాన్న దగ్గర జవాబుండదు. ఆ ఇల్లూ ఆ అమ్మాయీ మన ఊహే అనుకోండి. ప్రశ్న మాత్రం నిజమైనదే.

అమెరికాలో చాలా ఊళ్లలో పబ్లిక్ లైబ్రరీలు ఇలాంటి వేడుకలు చేస్తుంటాయి. టికెట్టు ఉండదు. పిల్లలు తమకిష్టమైన బొమ్మల కథలోని పాత్రలా తయారై వస్తారు. ఓ బల్ల మీద అట్టముక్కలు, కత్తెరలు, రంగులు ఉంటాయి... మాస్కులు చేసుకోవచ్చు. ఇంకో బల్ల దగ్గర ఆ ఊరి చిత్రకారుడెవరో నాలుగు గీతల్లో ముఖం ఎలా వేయాలో నేర్పుతాడు. లైబ్రేరియన్ కూడా ఏ బ్యాట్‌మ్యాన్ దుస్తుల్లోనో ఉంటే పిల్లల సంబరం చెప్పక్కర్లేదు. పోతూపోతూ సంచీ నిండా పుస్తకాలు ఇంటికి తీసుకెళతారు. అసలు ఎత్తుగడ అదే లెండి.

ఈ కామిక్ కాన్‌లకు పెద్దన్న శాన్‌డియాగోలో ఉంది. 1970లో ఓ హోటల్లో సుమారు 300 మందితో మొదలై, ఇప్పుడు లక్ష మందికి పైగా వచ్చే జాతరైంది. మన దేశంలో 2011లో ఢిల్లీలో మొదలుపెట్టారు. 2013లో హైదరాబాద్‌కూ వచ్చింది. కానీ ఆలూరు నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. ఐదుగురికి బస్సు చార్జీలు, టికెట్లు, ఒక రాత్రి బస, అక్కడ బొమ్మ చూసి పిల్లాడు పెట్టే పేచీ... అన్నీ కలిపితే ఓ నెల సరుకులు వచ్చేస్తాయి. ఆ సంగతి తెలిసే కాబోలు, ఆ అమ్మాయి హైదరాబాద్ ఊసెత్తలేదు. ఊళ్లో లైబ్రరీ గురించే అడిగింది.

నాన్న సందేహం వేరే. 'బొమ్మల పుస్తకాలు చూస్తే చదువొస్తాదా? ఉన్నది కూడా పోతాది' అంటాడు. మూడో తరగతి కొడుకు వాచకం పట్టుకుంటే ఒత్తులున్న మాట దగ్గర ఆగిపోతున్నాడు. ఆ బెంగ ఆయనది. పాపం, తప్పేమీ లేదు.

ఈ భయం ఆలూరుకే కాదు, ఒకప్పుడు అమెరికాను కూడా ఊపేసింది. 1954లో ఫ్రెడరిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ వల్ల పిల్లలు చెడిపోతున్నారని పుస్తకం రాశాడు. సెనేట్ విచారణ జరిగింది. ప్రచురణకర్తలు దడుచుకుని తమకు తామే ఓ నిబంధనావళి పెట్టుకున్నారు. దాదాపు ఆరు దశాబ్దాల తర్వాత కరోల్ టిల్లీ అనే గ్రంథాలయశాస్త్ర పరిశోధకురాలు ఆ డాక్టరుగారి కాగితాల పెట్టెలు విప్పి చూసింది. పిల్లలు చెప్పిన మాటల్ని తన వాదనకు తగ్గట్టు ఆయన మార్చి రాసుకున్నాడని 2012లో బయటపెట్టింది. ఈలోగా 1992లో 'మౌస్' అనే బొమ్మల పుస్తకానికి పులిట్జర్ బహుమతి కూడా వచ్చేసింది. నాజీల చేతిలో యూదులు పడ్డ నరకాన్ని ఎలుకలు, పిల్లుల బొమ్మలతో చెప్పిన కథ అది.

ఇంతకీ బొమ్మల కథ మనకు కొత్తదా? లేపాక్షి గుడిలో తల పైకెత్తి చూడండి. కప్పు మీద కిరాతార్జునీయం కథ ఒక ఘట్టం తర్వాత ఒక ఘట్టంగా నడుస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ బట్టల మీద గళ్లు గళ్లుగా రామాయణం గీసి, ఆ బొమ్మల కింద తెలుగులో కథ రాస్తారు. గడి, బొమ్మ, కింద మాట... కామిక్ అంటే ఇంతకన్నా ఏముంది? ఇక వేషాలంటారా, పీర్ల పండక్కి ఒళ్లంతా పసుపు రంగు, నల్లచారలు పూసుకుని పులివేషం కట్టే సీమకు 'కాస్‌ప్లే' నేర్పాలా!

నాన్న మాత్రం ఏం చదివి పెద్దవాడయ్యాడు? చందమామే కదా. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రికను 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు నడిపించారు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య బొమ్మలు వేశారు. చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకు నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్‌దే. మాటలన్నీ అర్థం కాకపోయినా ఆ బొమ్మ చూస్తూ కథలోకి దిగిపోయిన పిల్లలెందరో! కృష్ణశాస్త్రిగారి అబ్బాయి బుజ్జాయి అయితే 'డుంబు' పేరుతో అచ్చమైన తెలుగు కామిక్కే గీశారు. 2013 కల్లా చందమామ అచ్చు ఆగిపోయింది. ఆ ఖాళీలోకి సెల్‌ఫోను వచ్చి కూర్చుంది. అది చూపిస్తుంది, వినిపిస్తుంది. చదవమని మాత్రం అడగదు. ఒత్తుల దగ్గర ఆగిపోయే పిల్లాడికి దానంత సుఖమైన చోటు ఇంకోటి లేదు.

అందుకే ఆ అమ్మాయి ప్రశ్నను నవ్వి వదిలేయడానికి లేదు. ఆలూరు 1953 దాకా బళ్లారి జిల్లాలోని తాలూకా. ఇప్పటికీ తెలుగు మాటల్లో కన్నడం కలగలిసి వినిపించే చోటు. వాన మొహం చాటేసిన ఏడాది ఈ వైపు ఊళ్ల నుంచి కుటుంబాలు సుగ్గికని గుంటూరు మిరప చేలకు పోతాయి. పిల్లలు వెంట పోతే బడి పోతుంది, ఉండిపోతే అవ్వతాతల దగ్గర ఉండాలి. అలాంటి పిల్లాడికి సాయంత్రం పూట పోయి కూచునే చోటు ఒకటుంటే, అక్కడ వాడు చదవగలిగే పుస్తకం ఒకటుంటే, ఆ తేడా లెక్క కట్టలేం.

చోటు పెట్టమని చట్టమే చెప్పింది. తెలుగునాట గ్రంథాలయ ఉద్యమం నడిపిన పెద్దల్లో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టింది 1883లో ఈ కర్నూలులోనే. అటు గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం 1935లో కాలువ వెంట పడవలో పుస్తకాలు తిప్పారు. నీళ్లకే కటకటలాడే సీమలో పడవ ఎక్కడిదంటారా? ఆ మాటా నిజమే. కానీ పుస్తకమే పాఠకుడి దగ్గరికి పోవాలన్న పట్టుదలకు నీళ్లతో పనేముంది? వాళ్ల కృషి వల్లనే జిల్లాకో గ్రంథాలయ సంస్థ వచ్చింది. ఇంటిపన్ను కట్టే ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద మనం కడుతూనే ఉన్నాం. ఆ సొమ్ము స్థానిక సంస్థల నుంచి సకాలంలో గ్రంథాలయాలకు చేరదన్నది ఏళ్ల తరబడి వింటున్న ఫిర్యాదు. ఏమైతేనేం, ఈ కామిక్ కాన్‌కు టికెట్టు డబ్బులు ఎప్పుడో ముట్టాయన్నమాట. పైగా ప్రభుత్వ గ్రంథాలయాలకు వారపు సెలవు శుక్రవారం. ఆదివారం తలుపు తెరిచే ఉంటుంది!

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఎలాగూ జరుగుతాయి. దండలు, ప్రసంగాలు, వ్యాసరచన పోటీలు అలవాటే. ఆ వారంలో వచ్చే ఆదివారం పూట పిల్లలకు వదిలేయమని ఓ పదిమంది తల్లులు వెళ్లి లైబ్రేరియన్‌ను అడిగితే కాదనేదేముంది? తువాలు భుజాన కట్టుకుంటే శక్తిమాన్. అట్టముక్కకు రంగేస్తే భేతాళుడు. డ్రాయింగ్ మాస్టారు ఓ గంట వస్తే చాలు. పుస్తకాలంటారా... నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులో చవగ్గా వేస్తోంది. 2015లో ప్రథమ్ బుక్స్ మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసి కుట్టుకోవచ్చు. అటక మీద పాత చందమామలుంటే దులిపి పట్టుకెళ్లండి. పక్కింటి పిల్లాడి అమ్మానాన్నలు మిరపకోతకు పోయుంటే వాణ్ని మాత్రం మరిచిపోకండి. వాడికీ ఓ తువాలు కట్టండి.

ఇంకో చిన్న జాగ్రత్త. ఆ రోజు పిల్లాడి చేతిలో పుస్తకం లాక్కుని 'ఏదీ, పైకి చదువు' అనకండి. వాడు బొమ్మలే చూస్తాడు. చూడనివ్వండి. తర్వాతి బొమ్మలో ఏమైందో తెలియకపోతే కింద రాసిందేమిటా అని వాడే వేలు పెడతాడు.

మన ఊహలోని ఆ ఇల్లు కూడా అలాగే బయల్దేరిందనుకుందాం. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని నాన్న, అమ్మ, ఇద్దరు పిల్లలు, పక్కింటి పిల్లాడు నడిచారు. 'నాకు సదువు రాదు కదప్పా, నేనేం జేసేది ఆడ?' అంటూనే అవ్వ కూడా చెప్పులేసుకుంది. లైబ్రరీలో పెద్దవాళ్లంతా బల్లల చుట్టూ తిరుగుతుంటే, పక్కింటి పిల్లాడు ఓ పాత చందమామ తెచ్చి అవ్వ ముందు పరిచాడు. అవ్వ బొమ్మ చూసింది. విక్రమార్కుడు, భుజాన శవం. 'ఈ కత నాకు తెలుసురా' అని మొదలుపెట్టింది. మూడో తరగతి వాడూ వచ్చి కూర్చున్నాడు. సగంలో ఆగి 'ఆ మీద ఏమైందో మర్చిపోతి' అంది.

పిల్లలిద్దరూ పుస్తకం మీదికి వంగారు.