రౌటర్ పాస్‌వర్డ్ ఇంటివాళ్ల చేతికివ్వాలి

చిట్టమూరులో మా ఇంటి ముందుగదే నా డీటీపీ సెంటర్. పెళ్లి పత్రికలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, మల్లాం సుబ్రహ్మణ్యస్వామి ఉత్సవాల కరపత్రాలు అక్కడే తయారవుతాయి. వీటన్నిటికీ ఆధారం విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్. దాన్లో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు ఉన్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అడోబ్ కంపెనీ దానికి మెరుగులు దిద్దడం మానేసి ఇరవై ఏళ్లు దాటింది. అయినా తెలుగు డీటీపీ వాళ్లు చాలామంది దాన్ని ఇంకా వదల్లేదు. అను అక్షరాలు యూనికోడ్ కావు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. అక్క పెళ్లికి కొట్టిన పత్రికనే పేర్లు మార్చి చెల్లెలి పెళ్లికి ఇమ్మని వచ్చేవాళ్లుంటారు. ఆ ఫైళ్లన్నీ ఎక్స్‌పీలోనే ఉన్నాయి. కాబట్టి ఆ కంప్యూటర్‌ను పాత సామాన్లకు వేసే ప్రశ్నే లేదు.

నడిమి గదిలో మా ఆయన రొయ్యల గుంటల లెక్కలు విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో రాసుకుంటాడు. ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయిది ఉబుంటు లినక్స్. బెంగళూరు నుంచి మా ఆడబిడ్డ వస్తే ఆమెతో పాటు మ్యాక్ వస్తుంది. ప్రింటర్ మాత్రం ఒక్కటే, అదీ నడిమి గదిలోనే. చిన్న ఊళ్లలో కూడా ఇప్పుడు చాలా ఇళ్లలో ఇదే వరస: ఒక్కో యంత్రం ఒక్కో కంపెనీది, ఒక్కో కాలానిది.

వీటి మధ్య ఫైళ్లు ఎలా తిరుగుతాయి? ఎక్స్‌పీ నుంచి పెన్‌డ్రైవ్‌లో. ఆ పెన్‌డ్రైవ్‌తో పాటే వైరస్ కూడా. మిగతా వాటి మధ్య వాట్సాప్‌లో. జిరాక్స్ కోసం వచ్చిన రైతు భూమి 1బి పత్రం, ఆధార్ కార్డు ముందుగదిలోంచి నడిమి గదిలోకి చేరడానికి ఏదో దేశంలో ఉన్న సర్వర్ దాకా వెళ్లి రావాలి. గుప్తంగానే వెళ్తుందంటారు, సరే. అసలు వెళ్లాల్సిన అవసరమేమిటన్నది నా ప్రశ్న.

ఇంటి లోపలి నెట్‌వర్క్‌కు ఇంటర్నెట్‌తో పనిలేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. రౌటర్ ఇంట్లోని ప్రతి యంత్రానికీ సాధారణంగా 192.168తో మొదలయ్యే నంబరొకటి ఇస్తుంది. ఈ నంబర్లను సొంత నెట్‌వర్క్‌ల కోసమని 1996లోనే విడిగా కేటాయించారు. ఇవి ఇల్లు దాటి బయట చెల్లవు, అందుకే ప్రపంచమంతా ఎన్నో ఇళ్లలో ఇవే వాడుకుంటారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మా తీరాన్ని ముంచెత్తింది. అలాంటి రోజుల్లో బయటి లైను తెగిపోయినా, ఇన్వర్టర్ మీద రౌటర్ వెలుగుతుంటే చాలు, ముందుగదిలోని ఫైలు నడిమి గది ప్రింటర్‌లో అచ్చవుతుంది. మన ఏపీ కరెంటు స్తంభాల మీద ఇంటర్నెట్ తీగలు వేలాడే రాష్ట్రం. గాలివాన వస్తే వాటి గతేమిటో తీరంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

మరి ఒకే రౌటర్ కింద ఉన్న ఎక్స్‌పీ, విండోస్ 11 ఎందుకు కలవవు? విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పద్ధతి పేరు ఎస్ఎంబీ. ఎక్స్‌పీకి అందులో మొదటి రకమే వచ్చు. 2017 మే 12న బయటపడ్డ వాన్నాక్రై వైరస్ సరిగ్గా ఆ మొదటి రకంలోని లోపం గుండానే ప్రపంచమంతా పాకింది. మన రాష్ట్ర పోలీసుశాఖ కంప్యూటర్లను కూడా అది వదల్లేదు. ఆ ఏడాది చివరి నుంచి మైక్రోసాఫ్ట్ కొత్త విండోస్‌లలో ఆ మొదటి రకాన్ని మామూలుగా ఆన్‌లో ఉంచడం మానేసింది. మంచి పనే చేసింది. పాతదానితో కలపాలని విండోస్ 11లో దాన్ని మళ్లీ ఆన్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

దారి వేరే ఉంది. లినక్స్ మీద నడిచే సాంబా అనే సాఫ్ట్‌వేర్. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి 1990ల మొదట్లో దీన్ని మొదలుపెట్టాడు. నెట్‌వర్క్‌లో యంత్రాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాలను గమనించి, వాటి పద్ధతి పట్టుకుని, అందరికీ ఉచితంగా ఇచ్చాడు. మా అబ్బాయి ఒక పాత సీపీయూలో ఉబుంటు, సాంబా వేసి మూల పెట్టాడు. అది ఎక్స్‌పీతో పాత పద్ధతిలోనూ, విండోస్ 11తో, మ్యాక్‌తో కొత్త పద్ధతిలోనూ మాట్లాడుతుంది. మ్యాక్‌కు 2013 నుంచి ఎస్ఎంబీయే ప్రధాన పద్ధతి, కాబట్టి దానికి వేరే ఏర్పాటు అక్కర్లేదు. నేను పత్రికను పీడీఎఫ్ చేసి ఆ పెట్టెలో వేస్తే ఎవరైనా తీసుకోగలగాలి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌తోనే రక్షణ అప్‌డేట్లు ఆగిపోయాయి. అందుకని దానికి నంబరు మేమే ఇచ్చి, బయటికి దారి చూపే గేట్‌వే గడి ఖాళీగా వదిలాం. ఇంట్లో అందరితో మాట్లాడుతుంది, వీధి దాటదు.

ఇక్కడిదాకా ఖర్చు లేని పని. ఆగింది రౌటర్ దగ్గర. వైఫైలో ఉన్న యంత్రాలు కేబుల్‌తో ఉన్నవాటిని చూడకుండా అడ్డుపెట్టే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. హోటల్లో, బస్టాండులో అది అవసరమే. మా రౌటర్‌లోనూ అది ఆన్ చేసి ఉంది. తీసేద్దామంటే లోపలికి వెళ్లే పాస్‌వర్డ్ కనెక్షన్ ఇచ్చినవాళ్ల దగ్గరే ఉంది. అడిగితే, "నీకెందుకక్కా, మేం చూసుకుంటాంగా" అన్నారు.

కస్టమర్లు సెట్టింగులు చెడగొట్టి ఫోన్లు చేస్తారన్నది వాళ్ల భయం. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. కానీ చాలా ఫైబర్ రౌటర్లలో రెండు లాగిన్లుంటాయి. బయటి లైనుకు సంబంధించింది వాళ్ల దగ్గర ఉంచుకుని, ఇంటి లోపలి సంగతులు చూసుకునే లాగిన్ మాకిస్తే ఎవరికీ నష్టం లేదు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటింటికీ ఇంటర్నెట్ అన్నారు. ఆ ధర ఆలోచించినట్టే, కనెక్షన్‌తో పాటు ఇంటి లాగిన్ కూడా రాసివ్వాలన్న నిబంధనను ప్రభుత్వం ఆలోచించాలి. ప్రైవేటు ఆపరేటర్లకూ అదే వర్తించాలి.

బడి సంగతి కూడా చెప్పాలి. మా అబ్బాయి లాన్ అంటే ఏమిటి, వాన్ అంటే ఏమిటి అని పరీక్షల్లో రాశాడు, మార్కులూ వచ్చాయి. రెండు కంప్యూటర్లను కేబుల్‌తో కలిపి ఫైలు పంపడం మాత్రం ఇంట్లోనే నేర్చుకున్నాడు. హైస్కూల్ పిల్లలకు ఒక్క పీరియడ్ చాలే పని అది. కంప్యూటర్ ల్యాబ్ ఉన్న ప్రతి బడిలో టీచర్లు అది చేయించాలి.

మీరు కొత్త కనెక్షన్ తీసుకుంటుంటే, బిగించడానికి వచ్చిన మనిషిని వైఫై పాస్‌వర్డ్ ఒక్కటే అడిగి పంపకండి. రౌటర్ లాగిన్ కూడా కాగితం మీద రాయించుకోండి.