చిల్లర లెక్క చిన్న లెక్క కాదు

మన భాషలో ‘చిల్లర’ అన్న మాటకు రెండర్థాలున్నవి. విడి నాణేలు ఒక అర్థం. లెక్కచేయదగని అల్ప విషయమన్నది రెండవ అర్థం. ఈ రెండవ అర్థమే మన చదువులో గణితానికి కొంత కీడు చేసినదని నా అభిప్రాయం. అంగడిలో జరిగే లెక్క వేరు, తరగతిలో జరిగే లెక్క వేరు అన్న భావం మనలో నాటుకొని పోయినది. సాయంకాలం తండ్రిగారి దుకాణంలో కూర్చుని రెప్పపాటులో చిల్లర సరిచూచి ఇచ్చే విద్యార్థియే, మరునాటి ఉదయం నల్లబల్ల యెదుట నిలువగానే ‘నాకు లెక్కలు రావు’ అని తలవంచుకొనుట విచారకరం కాదా?

ఒక ప్రశ్న వేసుకొందాం. ఒకటి, రెండు, ఐదు, పది, ఇరవై రూపాయల నాణేలు మనవద్ద కావలసినన్ని ఉన్నవి. ఇరవై రూపాయలను ఎన్ని విధాల చెల్లించవచ్చును? తోచినట్లు వ్రాసుకొంటూ పోతే పది పదిహేను విధాలు వచ్చిన పిమ్మట అనుమానం మొదలవుతుంది. వ్రాసినదే మరల వ్రాసితిమా? ఏదైనా విడిచితిమా? ఇక్కడ కావలసినది సూత్రం కాదు, క్రమం.

పెద్ద నాణెంతో ఆరంభిద్దాం. ఇరవై రూపాయల నాణెంతో ఒకే విధం. రెండు పదులతో మరొక విధం. ఒకే పది వాడితే మిగిలిన పది రూపాయలను చిన్న నాణేలతో పూరించాలి. అందులో ఐదులు రెండైతే ఒక విధం. ఒకటైతే మిగిలిన ఐదులో రెండు రూపాయల నాణేలు సున్న, ఒకటి లేక రెండు ఉండవచ్చును గనుక మూడు విధాలు. ఐదులే లేకుంటే ఆరు విధాలు. వెరసి పది. పదులే లేనప్పుడు ఐదులు నాలుగు, మూడు, రెండు, ఒకటి, సున్న అయిన కొలది వరుసగా 1, 3, 6, 8, 11 విధాలు, అనగా 29. అన్నీ కలిపితే 41. ఏదీ విడువలేదు, ఏదీ రెండుమార్లు లెక్కింపలేదు. ఈ నమ్మకమే గణితమిచ్చే నిజమైన ధనం.

మరొక విషయం. పెద్ద నాణెం మొదట ఇస్తే తక్కువ నాణేలతో పని ముగుస్తుందని వర్తకులెరిగిన పద్ధతి. నేటి మన రూపాయి నాణేలకు అది సరియైనదే. కాని అన్నివేళలా సత్యం కాదు. 1968లో ఇరవై పైసల నాణెం వచ్చినప్పుడు పావలా కూడ చెలామణిలో ఉన్నది. నలభై పైసలు ఇవ్వవలసివస్తే పై పద్ధతి ప్రకారం పావలా, పది పైసలు, ఐదు పైసలు మూడు నాణేలు కావాలి. రెండు ఇరవై పైసల నాణేలతోనే ఆ పని తీరుతుంది. 2011 జూన్ 30తో ఆ నాణేలన్నీ చెల్లకుండా పోయినవి. అవి నేర్పిన పాఠం మాత్రం నేటికీ చెల్లుతుంది. ఏ నియమానికైనా ఒక ఎల్ల ఉన్నది. కారణమెరుగక కంఠస్థం చేసినవానికి ఆ ఎల్ల కనిపించదు.

ఈ లెక్క సాహిత్య విద్యార్థులకు పరాయిది కాదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. ఐదు మాత్రలను ఒకటి, రెండు రూపాయల నాణేల వలె చూస్తే మూడే విధాలు. పద్యంలో వరుస కూడ ముఖ్యం గనుక ఎనిమిది విధాలు. ప్రతి సంఖ్య తన ముందున్న రెండు సంఖ్యల మొత్తమని పూర్వం విరహాంకుడు, 12వ శతాబ్దిలో హేమచంద్రుడు ఛందశ్శాస్త్రంలోనే చెప్పియున్నారు. పాశ్చాత్యుడైన ఫిబొనాచ్చి గ్రంథం 1202 నాటిది. హ్రస్వ దీర్ఘాల అమరికతో నడిచే అరూజ్ చదివే ఉర్దూ విద్యార్థి మిత్రులకు కూడ ఈ ద్వారం తెరచియే ఉన్నది.

చేతిఫోను ద్వారా చెల్లింపులు జరుగుతున్న ఈ కాలంలో చిల్లర లెక్కలెందుకని కొందరు అడుగవచ్చును. నాణెం చేతి నుండి తొలగిపోవచ్చును. క్రమబద్ధంగా ఆలోచించవలసిన అవసరం తొలగిపోదు. పాఠ్యప్రణాళిక ముగించుటకే సమయం చాలదని అధ్యాపకులు అనవచ్చును. అది నిజమే. అందుకే కోరిక చిన్నది.

పక్షమునకొక్క గంట, శాస్త్ర విభాగమనీ కళా విభాగమనీ భేదం లేక, తెలుగు ఉర్దూ రెండు భాషలలోనూ, ఇట్టి ఒక్క ప్రశ్నను విద్యార్థులు కలిసి సాధించే ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల పాలకవర్గం వారికి నా మనవి. అందులో జవాబుకు గాక, జవాబుకు నడచిన దారికి విలువ ఉండాలి. విద్యార్థి మిత్రులారా! మీ జేబులోని చిల్లరను ఈ రాత్రి ఒకమారు బల్లపై పోసి చూడండి. లెక్కలు రావన్న మాట మీ విషయంలో ఎంతవరకు నిజమో మీకే తెలుస్తుంది.