బలం దాచుకుంటే ఫలం దక్కునా?

తెలుగు పండితునికి పేకాట ప్రసక్తి ఏల అని కొందరు మిత్రులు నొసలు ముడివేయవచ్చు. మా అరుగు మీద పోకర్‌కు పందెం చింతగింజలే; కనుక పాపభీతి లేదు. నా అభ్యంతరం ఆట మీద కాదు, ఆటగాళ్ళలో వేళ్ళూనిన ఒక మూఢవిశ్వాసం మీద. "మంచి ముక్కలు పడితే ఊరకుండాలి, ఎదుటివాణ్ణి నిద్రపుచ్చాలి" అన్నదే అది. ఇది తెలివి కాదు, తెలివి అనే భ్రమ.

మొన్న విశ్రాంత లెక్కల మాష్టారొకరి చేతిలో తొమ్మిదుల జత. బల్లపై పరచిన తొలి మూడు ముక్కలలో మరొక తొమ్మిది, దానితో పాటు రెండు ఆఠీన్లు. ఆయన చిరునవ్వు మింగి, పందెం కాయక ఊరకున్నారు. నాలుగవ ముక్క ఆఠీను. ఎదుటివారికి అయిదు ఆఠీన్లు కుదిరాయి. మాష్టారు విధిని నిందించారు. చేత రెండు ఆఠీన్లున్నవానికి ఆ ఒక్క ముక్కతో రంగు కుదిరే అవకాశం దాదాపు అయిదింట ఒక వంతు. దానిని రుసుము లేకుండా దానమిచ్చినది విధియా, మాష్టారా?

"ఆఠీను రాకపోతే?" అంటారా? అప్పుడూ నష్టమే. మధ్యరాశి 100 గింజలనుకొందాం. మూడు విడతలలోనూ రాశిలో సగం చొప్పున కాస్తే, ఎదుటివాడు ఒప్పుకొంటూ పోతే, వాని నుండి వచ్చేది 50, 100, 200, వెరసి 350. తొలి విడత మౌనం వహిస్తే 50, 100, వెరసి 150. ఒక్క మౌనానికి వెల 200 గింజలు! తొలి పందెమే కడపటి పందేనికి బీజం.

"కాస్తే పారిపోతాడు" అన్నది మరొక వాదం. పారిపోయేవాని చేతిలో సాధారణంగా ఏమీ ఉండదు. వాడు తరువాతనైనా ఇచ్చేది స్వల్పం. జత ఉన్నవాడు, రంగుకై ఆశపడేవాడు అంత తేలికగా వదలడు. మన రాబడి వారి వల్లనే.

ఇక 1988 ప్రపంచ పోకర్ పోటీల ప్రధానక్రీడ తుది ఆటను ఉదాహరిస్తారు. జానీ చాన్ తొలి మూడు ముక్కలతోనే వరుస కుదిరినా బలం దాచాడు. రాణుల జత నమ్ముకొని ఎరిక్ సైడెల్ సర్వస్వం ఒడ్డాడు. 1998 నాటి 'రౌండర్స్' చలనచిత్రం ఆ ఘట్టాన్ని ఇంటింటికీ చేర్చింది. నిజమే. కాని అక్కడ మిగిలినది ఇద్దరే. ఎదుటివాడు తానై పందెం కాయడానికి సిద్ధపడ్డవాడు. వ్యాకరణం చదివినవారికి ఉత్సర్గమేదో, అపవాదమేదో తెలియాలి. అపవాదాన్ని సూత్రం చేస్తే భాషా చెడుతుంది, ఆటా చెడుతుంది.

అట్లని గుడ్డిగా కాయమనడం లేదు. కడపటి విడతలో 50 కాస్తే పదింట ఆరుమార్లు ఒప్పుకొనేవాడు, 150కి మూడుమార్లే ఒప్పుకొంటాడనుకోండి. మన చేయి తప్పక గెలిచేదైతే సగటు రాబడి మొదటిదానికి 30, రెండవదానికి 45. తరచు ఒప్పించడం కాదు, ఎక్కువ రాబట్టడం ప్రధానం. మనకన్న తక్కువ ముక్కలతో ఎవరు ఒప్పుకొంటారో, ఎంతవరకు ఒప్పుకొంటారో ఊహించడమే విద్య. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం పందేనికీ వర్తిస్తుంది.

ముప్పై ఏండ్లకు పైగా తరగతి గదిలో చూశాను: జవాబు తెలిసీ చేయెత్తని బాలుడు, తరువాత ఉపాధ్యాయుడు తనను గుర్తించలేదని వగచేవాడు. మా మాష్టారూ అంతే. మంచి ముక్కలు పడడం అదృష్టం. వాటికి తగిన వెల రాబట్టకపోవడం మాత్రం స్వయంకృతం.