స్థానం పోతే బలమేదీ!

స్థానబలిమి గురించి చెప్పాలంటే మనవాళ్లు ముందు మొసలినే చూపిస్తారు. నీళ్లలో గజేంద్రుణ్నే ముప్పుతిప్పలు పెట్టింది మరి! అలాంటి మొసలికే స్థానం కరవైతే?

మొసళ్లన్నిటిలోకీ పెద్దది ఉప్పునీటి మొసలి. మగవి ఆరు మీటర్ల దాకా పెరుగుతాయి. నదులు సముద్రంలో కలిసేచోట, మడ అడవుల్లో దీని నివాసం. సముద్రాన్నీ లెక్కచేయదు. ఆస్ట్రేలియాలో ఓ మొసలికి ట్రాన్స్‌మిటర్ అమర్చి చూస్తే 25 రోజుల్లో 590 కిలోమీటర్లు వెళ్లిందట. అదీ పెద్దగా అలసిపోకుండా! ప్రవాహం అనుకూలిస్తే దాంతోపాటు సాగిపోవడం, ఎదురైతే ఆగిపోవడం... అదే కిటుకు. అందుకే ఒకప్పుడు సీషెల్స్ నుంచి పసిఫిక్ దీవుల దాకా దీని రాజ్యమే.

మరిప్పుడో? 1770లో సీషెల్స్‌లో జనం స్థిరపడ్డారు. సుమారు యాభై ఏళ్లు తిరిగేసరికి అక్కడ మొసలన్నదే లేదు. మనదేశంలోనూ తూర్పు తీరం వెంబడి తమిళనాడు, ఆపైన కేరళ వరకూ ఉండేవి. చర్మం కోసం వేట, మడ అడవుల నరికివేత కలిసి వాటిని తుడిచిపెట్టాయి. ఇప్పుడు ప్రధానంగా ఒడిశాలోని భితర్‌కనిక, బెంగాల్‌లోని సుందర్బన్స్, అండమాన్ నికోబార్ దీవుల్లోనే మిగిలాయి.

అంత దూరం ఈదే జంతువు పాత చోటికి తిరిగి రాలేదా అంటారా? రాగలదు. కానీ ఈదడం వేరు, కాపురం పెట్టడం వేరు. ఆడమొసలి ఆకులూ మట్టీ పోగేసి గూడు కట్టి, యాభై దాకా గుడ్లు పెట్టి, దాదాపు మూడు నెలలు కాపలా కాస్తుంది. అందుకు పోటు ముంచని గట్టూ, మనుషుల అలికిడి లేని చోటూ కావాలి. అవి లేని తీరంలో అది చుట్టపుచూపుగా వచ్చిపోవాల్సిందే.

భితర్‌కనికలో ఆ చోటు దొరికింది. 1975లో అక్కడ సంరక్షణ మొదలైంది. గుడ్లు సేకరించి పొదిగించారు, పిల్లల్ని పెంచి నదుల్లో వదిలారు. అప్పుడు వందలోపే ఉన్న మొసళ్లు 2025 లెక్కల్లో 1,800 దాటాయి.

సంతోషమే. కాకపోతే ఆ నదుల్లోనే పల్లెజనం స్నానాలూ చేపలవేటా! దాడుల్లో ప్రాణాలు పోతున్నాయి. రేవుల్లో కంచెలు కడుతున్నారు. మొసళ్లన్నీ ఒక్కచోటే కిక్కిరిస్తే ఆ భారమంతా ఆ పల్లెలదే. మిగతా తీరంలో మడ అడవిని బతికించుకునేటప్పుడు, ఒడ్డున ఉండేవాళ్ల రేవు గురించి కూడా ముందే ఆలోచించాలి.