పాత బొమ్మలు క్రొత్త యాటకు చెల్లవా?

వేసవి సెలవులు ముగిసిన పిమ్మట మా పాఠశాలలోని బాలుడొకడు రేకు డబ్బానొకదానిని తెచ్చి నా బల్లమీద పెట్టెను. దానిలో నలువదికి పైగా సీసపు సైనికులుండిరి. వాని మేనమామ 1980 ప్రాంతపు సంవత్సరములలో ఇంగ్లండున చదువుకొనుచు కొన్నవవి. ఇన్నాళ్లు భద్రపఱచి మేనల్లునకు కానుకగా నిచ్చెనట. "అయ్యగారూ, వీనితో ఆడుటకు వీలులేదని మావాళ్లు చెప్పుచున్నారు. ఇప్పటి బొమ్మల ప్రక్కన నిలిపిన ఇవి భుజముల వఱకే వచ్చుచున్నవి. ఇవి చెల్లవట" అని వాడు కన్నుల నీరు నింపుకొనెను. ఆ దినమున వానికి చెప్పిన సమాధానమునే కొంత విస్తరించి ఇచ్చట వ్రాయుచున్నాను.

తల్లిదండ్రులలో ననేకులకు ఈ క్రీడ క్రొత్తది గావచ్చును. ఒక పెద్ద బల్లమీద గుట్టలు, గోడలు, చెట్లు మొదలగువానిని అమర్చి, ఇరుపక్షములవారును తమ తమ సైనికుల బొమ్మలను నిలుపుదురు. కొలబద్దతో దూరము కొలిచి వానిని నడుపుదురు. పాచికలు వేసి, దెబ్బ తగిలినదో లేదో తేల్చుదురు. ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. 1780లో జర్మను దేశపు బ్రన్స్‌విక్ పట్టణమున హెల్‌విగ్ అను గణితోపాధ్యాయుడు చదరంగమును విస్తరించి యుద్ధక్రీడనొకదానిని కల్పించెను. ఆ చదరంగము మన దేశపు చతురంగమునుండి పుట్టినదే గదా. 1824లో రైస్‌విట్జ్ అను ప్రష్యను సైనికోద్యోగి పటముమీద ఆడదగిన క్రీడను ప్రకటింపగా, ఆ దేశపు సైన్యమువారు దానిని శిక్షణకై గైకొనిరి. 1913లో ఆంగ్లరచయితయైన హెచ్. జి. వెల్స్ 'లిటిల్ వార్స్' అను గ్రంథమును వ్రాసి బొమ్మల యుద్ధక్రీడను సామాన్యుల యిండ్లలోనికి తెచ్చెను.

వెల్స్ వాడిన బొమ్మలు సుమారు 54 మిల్లీమీటరుల యెత్తు గలవి. విలియం బ్రిటన్ కంపెనీవారు 1893 మొదలుకొని లోపల బోలుగా పోతపోసి యమ్మినవి అట్టివే. ఆ యాటలో స్ప్రింగు ఫిరంగితో కఱ్ఱగుండును పేల్చి, ఎదుటి బొమ్మను నిజముగనే పడగొట్టవలెను. అట్టిచోట చిన్న బొమ్మ దెబ్బ తప్పించుకొనుట సులభము. కావున పరిమాణమునకు విలువ యుండెను. తరువాతి క్రీడలలో గుండు పోయి పాచిక వచ్చెను. పాచిక బొమ్మ యెత్తును చూడదు. ఈ భేదమును మన బాలురు ముందుగా గ్రహింపవలెను.

ఇక బొమ్మలు పెరిగిన విధము. 1960, 1970 ప్రాంతపు సంవత్సరములలో 25 మిల్లీమీటరుల లోహపు బొమ్మలు ప్రచారమునకు వచ్చెను. అయితే ఆ కొలత పాదమునుండి కన్ను వఱకా, నడినెత్తి వఱకా యనుటలో చేయువారికి ఏకాభిప్రాయము లేకపోయెను. క్రమముగా 25 అనునది 28 ఆయెను; 28 అనునది 32 ఆయెను. తలలును, చేతులును, ఆయుధములును లావెక్కెను. వార్‌హామర్ అను క్రీడ 1983లోను, వార్‌హామర్ 40,000 అనునది 1987లోను వెలువడెను. ఈ రెండవదానిలో స్పేస్ మెరైన్ అను సైనికుడు మొదట 25 మిల్లీమీటరుల పీఠముమీద నిలిచినవాడు. తరువాత 32 మిల్లీమీటరుల పీఠమెక్కెను. 2017లో ప్రైమారిస్ అను పేర మఱింత పొడవై వచ్చెను.

ఈ పెరుగుదల యంతయు దోషమే యని నేననను. పెద్ద బొమ్మమీద ముఖకవళికలను స్పష్టముగా చూపవచ్చును. రంగు వేయువారికిని సులభము. కాని వ్యాపారులకు లాభమును లేకపోలేదు. క్రొత్తది పెద్దదైనచో పాతది చిన్నబోవును. కొన్నవాడు మరల కొనును.

పాత బొమ్మలకు వ్యతిరేకముగా చెప్పు వాదములు మూడు గలవు. వానిని తేలికగా త్రోసివేయరాదు.

మొదటిది చూపునకు సంబంధించినది. పెక్కు నవీన క్రీడలలో ఆటగాడు తన బొమ్మ వెనుక తల వంచి, దాని కంటితో చూచినట్లు చూచి, ఎదుటి బొమ్మ కనబడుచున్నదా లేదా యని నిర్ణయించును. గోడ చాటున పొట్టి బొమ్మ దాగును. పొడవు బొమ్మ దాగదు. ఇది వాస్తవమైన లాభము. ఆ గోడపైనుండి చూచుటకు పొట్టి బొమ్మకును కష్టమే యని కొందఱు బదులు చెప్పుదురు. అది నిజమే యైనను, ఎదుటివాని యనుమానమునకు తావీయకుండుట మేలు. ఉపాయము సులభము. క్రొత్త బొమ్మనొకదానిని బల్ల ప్రక్కన నుంచుకొని, సందేహము కలిగినపుడెల్ల పాత బొమ్మ స్థానమున దానిని నిలిపి చూడవలెను.

రెండవది పీఠమునకు సంబంధించినది. ఇది మొదటిదానికంటె ముఖ్యము. ఏలయన దూరములను పీఠపు అంచునుండి కొలుతురు. 2024లో వెలువడిన వార్‌హామర్: ది ఓల్డ్ వరల్డ్ అను క్రీడలో, పూర్వము 20 మిల్లీమీటరుల చదరపు పీఠముమీద నున్న మానవ పదాతికి 25 మిల్లీమీటరుల పీఠము విధింపబడినది. పదిమంది వరుస పూర్వము 200 మిల్లీమీటరులు, ఇప్పుడు 250. అనగా వెడల్పు నాలుగవ వంతు పెరిగినది. పాత పీఠములతో వచ్చినవాడు ఎదుటివారు దూరలేని సందులో దూరగలడు. ఇది సరి చేయదగిన దోషమే. అయినను దీనికై బొమ్మను పారవేయ నక్కఱలేదు. పీఠమును మార్చిన చాలును. లేనిచో తగినంత యెడము విడిచి పాత పీఠములను ఇమిడ్చుటకు అట్టపలక కోసికొనవచ్చును. 1990లో వచ్చిన డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్ అను క్రీడలో 15 మిల్లీమీటరుల బొమ్మలకు 40, 25 మిల్లీమీటరుల బొమ్మలకు 60 మిల్లీమీటరుల వెడల్పు గల పీఠములను నియమించిరి. అందు ఒక పీఠము ఒక దళము. బొమ్మలు దానికి గుర్తులు మాత్రమే.

మూడవది అందమునకు సంబంధించినది. పొట్టివారును పొడవువారును కలిసి నిలిచిన వికారముగా నుండునని యందురు. ఉదయమున వరుసలు తీరి నిలిచిన మన విద్యార్థులను చూచిన కన్నులకు ఈ మాట నవ్వు పుట్టించును. అయినను ఒకే దళమున రెండు పరిమాణములను కలుపక, పాతవానినన్నిటిని ఒక దళముగా నుంచినచో కంటికి ఇంపుగా నుండును.

కావున నా యభిప్రాయ మిది: పాత బొమ్మలు క్రొత్త యాటకు చెల్లును, అయితే మూడు నియమములు పాటింపవలెను. పీఠము నేటి కొలతకు సరిపోవలెను. చూపు విషయమున క్రొత్త బొమ్మయే ప్రమాణము కావలెను. ఈ సంగతులను ఆట మొదలు కాకముందే ఎదుటివానికి చెప్పి, వాని సమ్మతి పొందవలెను. ఈ మూడవదియే అన్నిటికంటె పెద్దది. దాగుటకు వీలగునని చిన్న బొమ్మలను ఏరి తెచ్చి, ఆ మాట చెప్పక యూరకున్నవాడు, గెలిచినను మోసముచేత గెలిచినవాడే. పోటీలను నడపువారు క్రొత్త బొమ్మలే కావలెనని ముందుగా నియమించినచో, ఆ నియమమునకు లోబడవలెను. లేదా ఆ పోటీకి పోకుండవలెను. ఇంటియందలి స్నేహపూర్వకమైన యాటకు ఆ కాఠిన్యమెందులకు?

విద్యార్థులారా, బొమ్మ చెల్లదని మీరు చెప్పినపుడు, దానిని తెచ్చినవాడును ఆటకు దూరమగునని మఱవకుడు. క్రొత్త సైన్యమును కొనగలవాడు కొనును. కొనలేనివాడు గోడప్రక్కన నిలిచి చూచును. వాని చేతనున్నదానితో వానిని మీలో కలుపుకొనుటకు మీకు కావలసినది కొంచెము అట్టయు, కొంచెము ఓర్పును మాత్రమే. తల్లిదండ్రులారా, మీ పిల్లలు క్రొత్తవాటికై పట్టుబట్టినపుడు, పాతవానిని సరిచేసికొను మార్గము కలదని చెప్పుడు.

ఒక హెచ్చరిక మాత్రము తప్పదు. పూర్వపు లోహపు బొమ్మలలో పెక్కింటియందు సీసము కలదు. అది విషము. వానిని చిన్నపిల్లలకు అందనీయరాదు, నోటియొద్దకు పోనీయరాదు, ముట్టిన పిమ్మట చేతులు కడుగుకొనవలెను. ఆకురాయితో రాచి పొడిని రేపరాదు. ఓకు కఱ్ఱ పెట్టెలలో మూసియుంచినచో ఆ కఱ్ఱనుండి వెలువడు ఆవిరిచేత సీసము తెల్లని పొడిగా మారి చెడును. గాలి తగులు అట్టపెట్టె మేలు.

ఆ బాలుడును, వాని స్నేహితులును ఒక శనివారమున పాత పుస్తకముల అట్టలను కోసి పలకలు చేసిరి. పైని చెప్పిన నియమముల నొప్పుకొని సాయంకాలము వఱకు ఆడిరి. మావాడు ఓడెను. పాచికలు కలిసిరాలేదని చెప్పెనే గాని, బొమ్మల మాట వాడును ఎత్తలేదు, గెలిచినవాడును ఎత్తలేదు. మఱుసటి శనివారము మరల ఆడుదమని గెలిచినవాడే ముందుగా వానిని పిలిచెను.