ఇంజనుకి దాహం

మా ఫ్రిస్కో పుట్టిందే ఇంజన్లకి నీళ్ళు పట్టడం కోసమన్న సంగతి ఇక్కడుంటున్న మనవాళ్ళలో చాలామందికి తెలియదు. 1902లో సెయింట్ లూయిస్ – శాన్ ఫ్రాన్సిస్కో రైల్వే వాళ్ళు ఇటుగా లైను వేస్తుంటే, ఆవిరి ఇంజన్లకి దారిలో అక్కడక్కడా నీళ్ళు కావాల్సొచ్చాయి. అప్పటికే ఉన్న లెబనాన్ అనే ఊరు ప్రెస్టన్ రిడ్జ్ మెరక మీద ఉంది. అంత ఎత్తు పనికిరాదని అక్కడికి నాలుగు మైళ్ళు పడమరగా, పల్లంలో నీళ్ళ మజిలీ పెట్టారు. రైలు ఆగేచోటికే ఊరూ నడిచొచ్చింది. లెబనాన్ వాళ్ళు కొందరు ఏకంగా ఇళ్ళనే దుంగల మీద దొర్లించుకుంటూ తెచ్చుకున్నారు. 1904లో ఆ రైల్వే పేరే ఊరికి పెట్టుకున్నారు.

ఇప్పుడు ఆవిరి ఇంజన్లు లేవు. కానీ ఈ వేసవిలో మా గరాజులో ఒక ఇంజనుకి నీళ్ళు పట్టే ఏర్పాటు జరిగింది. ఈసారి ఆ కబురు. కార్ల గోల మనకెందుకు అనుకునేవాళ్ళు కూడా దోసెలు వేసే ఉంటారు కాబట్టి, కాస్త ఓపిక పట్టండి.

నాది 2015 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. రెండు లీటర్ల టర్బో ఇంజను. టర్బో పని చెప్పడం తేలిక: సైలెన్సర్లోకి పోయే వేడి వాయువులతో ఒక చక్రం తిప్పి, దాంతో ఇంకో చక్రం తిప్పి, బయటి గాలిని ఇంజనులోకి కుక్కడం. సైకిల్ పంపుతో గాలి కొడితే పంపు అడుగు భాగం వేడెక్కడం అందరికీ అనుభవమే. ఇక్కడా అంతే. జులైలో మా ఊళ్ళో గాలి 38 డిగ్రీలుంటుంది. దాన్ని రెట్టింపు ఒత్తిడికి కుక్కితే, లెక్క ప్రకారం ఏ నష్టమూ లేని కంప్రెసర్‌లో కూడా 106 డిగ్రీలవుతుంది. అసలు కంప్రెసర్లకి నష్టాలుంటాయి కాబట్టి 130 దాటుతుంది. వేడి గాలి పల్చన. పైగా అంత వేడి గాలితో పెట్రోలు కలిస్తే, స్పార్క్ పడ్డాక మంట సవ్యంగా పాకేలోపే మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. దాన్నే నాక్ అంటారు. పిస్టన్లకి అది సుత్తి దెబ్బ.

అందుకే టర్బోకీ ఇంజనుకీ మధ్య ఇంటర్‌కూలర్ అని రేడియేటర్ లాంటిది ఒకటి పెడతారు. లోపల వేడి గాలి, బయట ఎదురుగాలి. నా కారులో అది ఇంజను నెత్తిన కూర్చుంటుంది. బానెట్ మీది రంధ్రంలోంచి వచ్చే గాలే దానికి దిక్కు. పరిగెడుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. ప్రెస్టన్ రోడ్డు మీద మధ్యాహ్నం మూడింటికి రెండు సిగ్నళ్ళు వరసగా పడ్డాయంటే, కింద ఇంజను పొయ్యి, పైన ఇది పెనం. అది మళ్ళీ చల్లబడటానికి కదిలాక చాలాసేపు పడుతుంది. ఈలోగా ఇంజను కంప్యూటర్ నాక్ భయంతో స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంది. కారు బద్ధకిస్తుంది.

పెనం మరీ కాలిపోతే అమ్మ ఏం చేస్తుంది? చెయ్యి తడిపి నాలుగు చుక్కలు చిలకరిస్తుంది. చుయ్యిమంటుంది, పెనం దారికొస్తుంది. నీటికి ఆ గుణం ఎక్కడిదంటే, ఆవిరి కావడానికి అది తీసుకునే వేడి మామూలుది కాదు. కిలో నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.2 కిలోజౌళ్ళు చాలు. అవే నీళ్ళు ఆవిరవ్వాలంటే సుమారు 2,400 కావాలి.

కాగితం మీద ఒక లెక్క వేశాను. ఇంజను గట్టిగా లాగేటప్పుడు సెకనుకి దాదాపు 0.2 కిలోల గాలి పీలుస్తుందనుకుందాం. ఆ గాలి ఇంకో 10 డిగ్రీలు చల్లబడాలంటే 2 కిలోవాట్ల వేడి తీసెయ్యాలి. అంటే ఇంట్లో గీజరంత. దానికి నీళ్ళెన్ని? సెకనుకి ఒక గ్రాము కూడా అక్కర్లేదు! నిజానికి సగానికి పైగా చుక్కలు ఆవిరి కాకుండానే గాలికి ఎగిరిపోతాయి. అయినా సరే, నాలుగు లీటర్ల డబ్బా చాలా దూరం వస్తుంది. చుక్క ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. పొలంలో మందు కొట్టే స్ప్రేయర్ నాజిల్ ఎంపిక చేసేవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

"అయితే కారుకి కూలర్ పెడుతున్నావన్నమాట" అంది మా ఆవిడ. ఆవిడది హైదరాబాదు. మాది కాకినాడ. కూలర్ అనే వస్తువు మీద మా ఇద్దరికీ ఏనాడూ ఏకాభిప్రాయం లేదు. హైదరాబాదు మే నెలలో 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్నప్పుడు తడిచాప మీదుగా వచ్చే గాలి 23 దాకా దిగగలదు. కాకినాడలో 36 డిగ్రీలకి 65 శాతం తేమ ఉంటే, ఎంత మంచి కూలరైనా 30 దగ్గర ఆగిపోతుంది, పైగా ఉక్క. ఫ్రిస్కో ఈ రెంటికీ మధ్య. కానీ ఇంటర్‌కూలర్ విషయంలో తేమ అంత అడ్డు కాదు. గదిలో కూలర్ చాప గాలి కంటే వేడిగా ఉండదు. ఇక్కడ రేకులే గాలి కంటే పాతిక ముప్పై డిగ్రీలు ఎక్కువ వేడి మీద ఉంటాయి. కాలిన పెనం మీద నీళ్ళు కాకినాడలోనూ చుయ్యిమంటాయి కదా!

ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. 2004 మోడల్‌గా అమెరికాకి వచ్చిన సుబారు ఎస్‌టీఐకి కంపెనీవాళ్ళే డిక్కీలో నీళ్ళ ట్యాంకు, డాష్‌బోర్డు మీద బటనూ ఇచ్చారు. మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్‌కీ ఈ ఏర్పాటు ఉండేది. ఇంకా వెనక్కి వెళ్తే, మన అంబాసిడర్ డ్రైవర్లు. ఎండకి పెట్రోలు పంపులోనే ఆవిరై బండి ఆగిపోతే, పంపుకి తడిగుడ్డ చుట్టేవాళ్ళు. సూత్రం అదే.

నేను వాడిన సరుకు: పాత కార్ల యార్డులో దొరికిన అద్దాలు కడిగే నీళ్ళ డబ్బా, దాని పన్నెండు వోల్టుల పంపు, సన్నటి నైలాన్ గొట్టం, వరండాల్లో తుంపర చల్లే రెండు ఇత్తడి నాజిళ్ళు, ఒక రిలే, ఒక ఫ్యూజు, నొక్కినంతసేపే పనిచేసే బటన్. గొట్టం చివర వెనక్కి పోనివ్వని వాల్వ్ ఒకటి పెట్టాలి. లేకపోతే బటన్ వదిలాక చుక్కలు కారుతూనే ఉంటాయి. కరెంటు తాళం తిప్పాకే వచ్చేలా చూసుకోవాలి. కొళాయి నీళ్ళు వద్దు. కూలర్ చాపలకి తెల్లగా ఉప్పు పేరుకోవడం చూశాం కదా, అదే ఇంటర్‌కూలర్ రేకులకి పట్టిందంటే వేడి బయటకి రాదు. డిస్టిల్డ్ వాటర్ గాలన్ డబ్బా ఏ కిరాణాలోనైనా దొరుకుతుంది. అద్దాలు కడిగే నీలం నీళ్ళు అసలే వద్దు. అందులో మిథనాల్ ఉంటుంది, అది మండుతుంది. చలికాలంలో డబ్బా ఖాళీ చేసెయ్యాలి. 2021 ఫిబ్రవరి చూసిన టెక్సాస్ వాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు.

రెండు శనివారాలు పట్టింది. మెకానికల్ డిగ్రీ చేతికొచ్చిన దగ్గర్నుంచి జావాలోనే బతుకుతున్నవాణ్ణి. థర్మోడైనమిక్స్ పుస్తకంలో లెక్క నా చేతి కింద నిజంగా చల్లబడటం అదే మొదటిసారి. ఇంటర్‌కూలర్ నుంచి ఇంజనులోకి వెళ్ళే గొట్టానికి ఒక థర్మామీటర్ తీగ అంటించి చూశాను. సిగ్నల్ దగ్గర బాగా కాగిన తర్వాత, కదిలే ముందు మూడు సెకన్లు చల్లితే వేడి దిగడం కళ్ళముందే కనిపిస్తోంది. చల్లకపోతే రెండు మైళ్ళు పట్టేది, చల్లితే అర మైలులో దారికొస్తోంది. గుర్రాలేమీ పెరగలేదు. ఎండకి పోయినవి కొన్ని తొందరగా తిరిగొస్తున్నాయి, అంతే. 60 డిగ్రీల గాలి 50కి దిగితే 3 శాతం చిక్కబడుతుంది. అంతకుమించి ఆశపడటం అత్యాశ.

ఈ ఆశ గురించే అసలు ఇది రాస్తున్నది. కారు ఫొటో చూసి ప్లేనో నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నేనూ స్ప్రే పెట్టించి, దాన్ని బట్టి బూస్టు పెంచి ట్యూన్ చేయిస్తా. చల్లగా ఉంటే నాక్ రాదుగా?" కారు మీద ఇంకా మూడేళ్ళ వాయిదాలున్నాయి అతనికి.

అతనికి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కథ చెప్పాను. 1962లో వచ్చిన టర్బో కారది. నాక్ రాకుండా ఇంజనులోకే డిస్టిల్డ్ వాటరూ మిథనాలూ కలిపిన ద్రవం చిమ్మేది. దానికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని పేరు కూడా పెట్టారు. తయారుచేసినవాళ్ళు తెలివైనవాళ్ళు. ట్యాంకు ఖాళీ అయితే బూస్టు దానంతటదే తగ్గిపోయేలా ఒక కవాటం పెట్టారు. ఇంజన్లు బతికాయి, కారు బతకలేదు. జనం ఆ ద్రవం పొయ్యడం మర్చిపోయేవాళ్ళు, తర్వాత కారులో ఊపు లేదని విసుక్కునేవాళ్ళు. రెండేళ్ళకే దాని తయారీ ఆగిపోయింది. 1965లో కంపెనీయే టర్బో పీకేసి మామూలు కార్బురేటర్ పెట్టిస్తామంది.

అంత పెద్ద కంపెనీ, కవాటం కూడా పెట్టి, మనిషి మతిమరుపు ముందు ఓడిపోయింది. మన ఇంట్లో చేసినదానికి ఆ కవాటం కూడా ఉండదు. నా డబ్బా ఖాళీ అయితే కారు నిన్నటిలాగే నడుస్తుంది, బద్ధకంగా. అతని డబ్బా ఖాళీ అయితే, నాజిల్లో చిన్న నలక పడితే, పంపు తీగ ఊడితే, ఏ టోల్‌వే మీదో పిస్టన్ కరిగేదాకా అతనికి తెలియదు. ఉంటే మేలు, లేకపోయినా నష్టం లేదు అన్న చోటే ఇలాంటి వస్తువుని పెట్టాలి. లేకపోతే కొంప మునుగుతుందన్న చోట పెట్టకూడదు. ఆఫీసులో మనం రాసే కోడ్‌కీ ఇదే సూత్రం, పాటించేవాళ్ళు తక్కువైనా.

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నీళ్ళు అయిపోతే లైటు వెలిగేలా పెడితే?" అన్నాడు. లైటు మంచిదే, పెట్టుకో అన్నాను. బూస్టు మాత్రం కంపెనీ ఇచ్చిన చోటే ఉంచు. ఈ శనివారం తన కారుతో మా ఇంటికొస్తానన్నాడు. ఇత్తడి నాజిళ్ళు ఇంకో రెండు మిగిలాయి.